ఉప్పు నేలలో ఒక్క సాలు

మా ఇంట్లో బూజు పట్టని వస్తువు ఏదైనా ఉంటే అది నా నోరేనని మా ఆయన అంటూ ఉండేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. అండమాన్‌లో ఏడాదిలో ఎక్కువ రోజులు వానే. చెప్పులు, బెల్టులు, పెళ్ళి ఫోటో, బైబిలు అట్ట, బీరువాలో మడతపెట్టిన పట్టుచీర, అన్నింటికీ బూజే. కాస్త ఎండ కనబడిందంటే మా తుష్నాబాద్‌లో ప్రతి ఇంటి ముందూ పరుపులూ, పుస్తకాలూ, సూట్‌కేసులూ బారులు తీరుతాయి. బూజు వాసన ముక్కుకు తగిలితే చాలు, ఫినాయిలో బ్లీచింగ్ పౌడరో పట్టుకుని పరిగెత్తడం ఇక్కడ పుట్టి పెరిగిన మాకు అలవాటు. అలాంటి నేను అరవయ్యేళ్ళు దగ్గరపడుతుండగా బూజు జాతిదాన్నే తొట్లలో పెట్టి, నీళ్ళు పోసి, పిల్లని సాకినట్టు సాకుతానని కలలో కూడా అనుకోలేదు.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ హార్బరులో కూలి పని చేశాడు. నేను పుట్టింది పోర్ట్‌బ్లెయిర్‌లోని డిగ్నాబాద్‌లో, కాపురానికి వచ్చింది తుష్నాబాద్‌కి. మా ఆయన రోడ్డు పనుల మేస్త్రీ. మాకు పిల్లలు లేరు, రెండు ముక్కల పొలం ఉండేది. ఎగువ ముక్కలో కొబ్బరి, పోక చెట్లు. దిగువ ముక్క ఖాడీ పక్కన ఉంటుంది. ఖాడీ అంటే సముద్రం నేల లోపలికి చొరబడిన పాయ. ఒకప్పుడు ఆ దిగువ ముక్కే మాకు బంగారం. వంకాయలు, బెండకాయలు, మేము బరబాటీలనే బొబ్బర కాయలు అక్కడ పండినట్టు ఎగువన ఎన్నడూ పండలేదు.

సునామీ వచ్చిన ఏడు నేల కుంగింది. మనిషి కంటికి తెలిసేంత కాదు గానీ నీళ్ళకి తెలిసింది. అప్పటి నుంచి అమావాస్యకీ పున్నమికీ పోటు వచ్చినప్పుడు ఖాడీ నీళ్ళు దిగువ ముక్కలోకి తొంగిచూడటం మొదలుపెట్టాయి. మా ఆయన కట్ట కట్టాడు. కట్ట మీది నుంచి రావడం మానేసి కింద నుంచి వచ్చాయి. వానాకాలం ఉప్పు కొట్టుకుపోయినట్టే ఉంటుంది. ఎండలు తగిలేసరికి నేల మీద పిండి చల్లినట్టు తెల్లగా పైకి తేలుతుంది. ఆయన రోజూ పొద్దున్నే వెళ్ళి, కాస్త మట్టి వేలికద్దుకుని నాలుక మీద పెట్టుకునేవాడు. నేను వెనక నుంచి అరిచేదాన్ని, "అన్నంలో ఉప్పు సరిపోలేదేటి, మట్టి తింటున్నావు?" అని. ఆయన నవ్వి, "నిన్నటి కన్నా తగ్గిందే" అనేవాడు. ఒక్కరోజూ తగ్గలేదు.

ఆయన పోయి కొన్నేళ్ళయింది. మొదట్లో చాలామంది వచ్చారు. సంఘం వాళ్ళు, ఇరుగుపొరుగు వాళ్ళు, ఆయనతో పని చేసినవాళ్ళు. తర్వాత్తర్వాత నా నోటికి భయపడి కొందరు, దూరానికి బద్ధకించి కొందరు రావడం మానేశారు. పక్కింటి బెంగాలీ వాళ్ళు పిల్లల చదువులకని టౌన్‌కి మారిపోయారు, ఆ తాళం కప్పకి తుప్పు పట్టింది. ఒంటరిగా ఉండటం కష్టమని అందరూ అంటారు. ఏం కష్టమో ఎవరూ విడమరిచి చెప్పరు. నేను చెబుతాను. తిట్టడానికి మనిషి లేకపోవడం కష్టం. పొయ్యి మీద పాలు పొంగితే "చూడొచ్చు కదా" అనడానికి ఎవరూ ఉండరు. పొంగినదాన్ని నోరు మూసుకుని తుడుచుకోవాలి.

ఆయన వెళ్ళిన చోటికే రోజూ పొద్దున్నే నేనూ వెళ్ళడం మొదలుపెట్టాను. ఎవరూ చూడకుండా మట్టి వేలికద్దుకుని నాలుక మీద పెట్టుకునేదాన్ని.

మా మరిది కాంట్రాక్టరు. ప్రోతరాపూర్‌లో ఇల్లు. మంచివాడే, కానీ ఖాళీ జాగా కనబడితే దాని మీద ఏదో ఒకటి కట్టాలనిపిస్తుంది అతనికి. దిగువ ముక్క అన్నదమ్ములిద్దరి పేరు మీదా ఉంది. దాన్ని రాయితో మెరక చేసి, సిమెంటు బస్తాలకి గోడౌన్ వేస్తానని ఆయన పోయినప్పటి నుంచీ అడుగుతున్నాడు. నేను ఒప్పుకోవడం లేదు. పోయిన వానాకాలంలో వచ్చి, అరుగు మీద కూర్చుని, తెగేసి చెప్పాడు.

"వదినా, ఒక్క మాట. ఈ ఎండాకాలం సూడు. కోతల పండక్కి ఆ ముక్కలోంచి ఒక్క బుట్టడు పంట దేవుడి కాడికి తెచ్చినావా, నాను మరి గోడౌన్ ఊసెత్తను. తేలేదా, అంతే, టిప్పర్లు దింపీస్తాను. నువ్వేటీ అనకూడదు."

"ఠీక్ హై" అన్నాను. కోపంలో అన్న మాట అది. అన్నాక వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు.

కోతల పండుగ అంటే మా తెలుగు సంఘంలో పెద్ద పండుగ. ఎండలు ముదరక ముందు ఒక ఆదివారం, ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి చర్చిలో బల్ల ముందు పెడతారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, పోక గెలలు, కోళ్ళు కూడా. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. మా వాళ్ళలో టౌన్‌కి మారి, షాపులు పెట్టుకుని, భూమి లేనివాళ్ళు మార్కెట్లో కొని తెస్తారు. సునామీ తర్వాత నేను ఎగువ ముక్కలోని కొబ్బరికాయలే పట్టుకెళ్ళేదాన్ని. దిగువ ముక్క నుంచి ఒక్క కాయ కూడా ఆ బల్ల ముందుకి వెళ్ళలేదు.

ఆ వానాకాలానికి ముందు ఎండాకాలంలో, మరిది ఆ మాట ఇంకా అనకముందే, ఊళ్ళో రైతులకి శిక్షణ అని పిలిస్తే వెళ్ళాను. టీ, సమోసా ఇస్తారని వెళ్ళానని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. నలుగురు మనుషుల మధ్య కూర్చోవచ్చని కూడా వెళ్ళాను. చదువుకున్న అమ్మాయి ఒకతె మెయిన్‌ల్యాండ్ నుంచి కొత్తగా వచ్చింది, హిందీలో చెప్పింది. నేలలో ఒక రకం శిలీంధ్రం ఉంటుందట, మైకోరైజా అంటారట. బూజుకి చుట్టమే గానీ మొక్కకి హాని చేయదట. వేరు లోపల కాపురం పెట్టి, వెంట్రుక కన్నా సన్నటి పోగులు మట్టిలోకి చాపుతుందట. వేరు చేరలేని చోటి నుంచి నీళ్ళూ భాస్వరమూ తెచ్చి మొక్కకి ఇస్తుందట. ఉప్పు నేలలో మొక్క దాహంతో చావకుండా కాస్త ఆసరా అవుతుందట. బదులుగా మొక్క దానికి చక్కెర పెడుతుందట.

"కంటికి కనబడుతుందా?" అని అడిగాను.

"నహీ ఆంటీ, మైక్రోస్కోప్‌లోనే."

"మరి ఉన్నట్టు ఎలా తెలుస్తుంది?"

ఆ పిల్ల నవ్వింది. "మొక్క బతికితే తెలుస్తుంది" అంది. ఉప్పుని అది పోగొట్టదనీ, మొక్క తట్టుకోవడానికి సాయం మాత్రమే చేస్తుందనీ రెండుసార్లు చెప్పింది. పురుగుమందులు అమ్మేవాళ్ళు ఇలా ఎప్పుడూ చెప్పరు, అందుకే నాకు నమ్మకం కుదిరింది. ప్రతి ఆదివారం కనబడనిదాన్ని నమ్ముతున్నదాన్ని, ఇంకొకటి నమ్మితే పోయేదేముంది అనుకుని, వాళ్ళిచ్చిన శిలీంధ్రం పొడి ఒక పొట్లం తెచ్చుకున్నాను.

పొట్లం పొలానికంతటికీ చాలదు. ఇంటి దగ్గర పెంచుకోవాలి. పద్ధతి కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. ఇసుకా మట్టీ కలిపి, ఎండలో ప్లాస్టిక్ పట్టా కింద ఉడకబెట్టినట్టు మగ్గనిచ్చి, తొట్లలో నింపాలి. పొట్లంలో పొడి చల్లి, పైన మొక్కజొన్న గింజలు వేయాలి. మొక్కలు ఏపుగా పెరిగాక నీళ్ళు ఆపేయాలి. అక్కడే ఉంది అసలు సంగతి. పచ్చగా ఉన్న మొక్కని కావాలని ఎండగట్టి, మొదలు దాకా కోసేయాలి. పైన మొక్క పోతోందని తెలిసి, కింద ఆ శిలీంధ్రం తన విత్తనాలు దాచుకుంటుంది. ఆ ఎండిన వేళ్ళూ, ఆ మట్టీ, అదే మందు. నారు నాటేటప్పుడు గుంతకి ఒక గుప్పెడు వేయాలి. చూసేవాళ్ళకి మాత్రం చచ్చిన మొక్కల తొట్లే.

మా వరండాలో వరసగా తొట్లు పెట్టాను. పాత బకెట్లు, పగిలిన సిమెంటు తొట్టి, మా ఆయన సున్నం కలుపుకునే డబ్బా కూడా. పొద్దున్నే వాటి ముందు కూర్చుని టీ తాగేదాన్ని. మెల్లగా మాట్లాడటం మొదలైంది. "ఏటి, ఇవాళ పని చేస్తన్నారా, పడుకున్నారా?" అని అడిగేదాన్ని. కనబడని వాళ్ళని తిట్టడం కూడా హాయిగానే ఉంటుందని తెలిసింది. మొదటి తొట్టి ముందుగా ఎండగట్టాను. వానలు తగ్గుముఖం పడుతుండగా దాని మట్టితో దిగువ ముక్కలో కట్టకి దగ్గరగా ఒక్క సాలు వంగనారు నాటాను. మిగతా తొట్లలో మొక్కజొన్న అప్పుడే కోసి, మట్టి ఆరాలని వదిలేశాను. తడి గాలికి వాటి మీద కప్పిన గోనె సంచులు మాత్రం నల్లగా బూజు పట్టాయి. ఇంకో వారంలో మిగతా సాళ్ళన్నీ నాటేద్దామని అనుకున్నాను.

జ్వరం వచ్చింది.

అలాంటి ఇలాంటి జ్వరం కాదు, ఎముకలు విరగ్గొట్టి పారేసే జ్వరం. మంచం మీద నుంచి లేచి చెంబుడు నీళ్ళు ముంచుకోవడానికి గోడ పట్టుకుని వెళ్ళాల్సి వచ్చింది. ఫోను ఎక్కడో మోగింది, ఎత్తలేదు. ఇలాగే పోతే ఎవరికి ఎప్పుడు తెలుస్తుంది అని లెక్క వేసుకున్నాను. ఆదివారం చర్చికి రాకపోతే తెలుస్తుంది. మనిషికి ఆదివారం అనేది ఒకటి ఉండటం ఎంత అవసరమో అప్పుడు తెలిసింది నాకు.

ఆదివారం మధ్యాహ్నం మా తోడికోడలు వచ్చింది. మరిది భార్య. రెండు బస్సులు మారి, చేతిలో టిఫిన్ క్యారియర్, చంకలో బట్టల సంచీతో.

"అక్కా! ఎలగుంది ఒళ్ళు? ఫోనెత్తవేటి? నానేటి అనుకోవాల?" అంటూనే నా నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. చాలా రోజుల తర్వాత నన్నొక మనిషి ముట్టుకోవడం అది. ముఖం గోడవైపు తిప్పుకున్నాను, ఏడుపు కనబడకుండా.

ఆస్పత్రికి తీసుకెళ్ళింది, తీసుకొచ్చింది. గంజి కాచింది, తలదువ్వింది, దుప్పట్లు ఉతికింది. ఊరుకోలేని మనిషి, వాగుతూనే ఉంటుంది. సీరియల్ కథలు, సంఘంలో ఎవరికి ఎవరితో పడటం లేదో ఆ కథలు, అన్నీ నా మంచం పక్కన కూర్చుని చెప్పింది. విసుగు వచ్చినట్టు కళ్ళు మూసుకునేదాన్ని గానీ ఒక్క ముక్క వదల్లేదు.

జ్వరం దిగిన రోజు పొద్దున్న గంజి గ్లాసు నా చేతికిచ్చి, గర్వంగా నిలబడింది.

"అక్కా, ఓపాలి బయటికొచ్చి సూడు. నీ వరండా అంతా సాఫ్ చేసీసినాను. ఎండిపోయిన దుబ్బులూ, ఆ గోనెలకి బూజు కంపూను, ఛీ! అందుకే నీకు జ్వరం తగులుకుంది. మట్టంతా ఖాడీలో పారబోసీసి, బ్లీచింగేసి తోమీసినాను. ఇప్పుడు సూడు, ఎలగ మెరుస్తన్నాయో!"

గుమ్మం దాకా వెళ్ళాను. తొట్లన్నీ బోర్లించి ఉన్నాయి. సున్నం డబ్బా కూడా కొత్తదానిలా తెల్లగా ఉంది. ఖాడీలో పోటు నిండుగా ఉంది.

నోటి దాకా వచ్చింది. ఏమేం వచ్చాయో ఇక్కడ రాయలేను. నా నోరు ఎరిగినవాళ్ళు ఊహించుకోవచ్చు. నెలల తరబడి సాకినది, ఆ ముక్కకి ఉన్న ఒకే ఒక్క దారి, ఒక్క పూటలో ఉప్పునీళ్ళ పాలైంది. ఆమె వైపు తిరిగాను. బ్లీచింగ్‌కి ఆమె వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడి, గోళ్ళ దగ్గర చర్మం లేచిపోయి ఉంది. ఆ వేళ్ళనే చూస్తూ నిలబడిపోయాను.

"బాగుంది" అన్నాను. "గంజిలో ఉప్పు ఎక్కువైంది" అని కూడా అన్నాను, ఏదో ఒకటి అనకపోతే ఊపిరి ఆడేలా లేదు.

సాయంత్రం బస్సుకి ఆమె వెళ్ళిపోయింది. కడిగిన తొట్ల మధ్య కూర్చున్నాను. మాట్లాడటానికి వాటిలో ఎవరూ లేరు. ఆ సాయంత్రం అనిపించినంత ఒంటరితనం మా ఆయన పోయిన రోజు కూడా అనిపించలేదు. ఆ రోజు ఇంటినిండా జనం ఉన్నారు మరి.

నారు ముదిరిపోతోంది. ఏం చేస్తాను, మిగతా సాళ్ళు మందు లేకుండానే నాటాను. కట్ట దగ్గరున్న మొదటి సాలు ఒక్కటే శిలీంధ్రం వేసినది. అది కూడా అన్నింటికన్నా ఉప్పు ఎక్కువున్న జాగా. దాని మీద ఆశ పెట్టుకోవడానికి కూడా మనసు రాలేదు.

వానలు పోయాయి. ఎండలు వచ్చాయి. నేల మీద తెల్లటి పిండి తేలడం మొదలైంది. మిగతా సాళ్ళలో వంగ ఆకులు అంచుల వెంబడి మాడి, లోపలికి ముడుచుకున్నాయి. ఒక్కొక్క మొక్కే తల వేలాడేసింది. ఎగువ బావి నుంచి మంచినీళ్ళు మోసి పోశాను. నా భుజం పోయింది గానీ అవి లేవలేదు. కట్ట దగ్గరి సాలు గొప్పగా ఏమీ లేదు. పొట్టిగా, గిడసబారి, ఎవరి మీదో అలిగినట్టు నిలబడింది. నిలబడింది, అదీ సంగతి. ఒకరోజు దానికి ఊదారంగు పువ్వు కనబడింది. మోకాళ్ళ మీద కూర్చుని ఆ పువ్వుని అలాగే చూశాను. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఫోన్ తీసి తోడికోడలి నంబరు దాకా వెళ్ళి, ఏం చెప్పాలో తెలియక పెట్టేశాను. మిగతా సాళ్ళు ఎందుకు పోయాయని ఆమె అడిగితే?

కోతల పండుగ రోజు చిన్న బుట్టడు వంకాయలు కోశాను. చిన్నవి, కొన్ని వంకరవి. బస్సులో ఆ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, కింద పెట్టలేదు. చర్చిలో వాక్యం చదవమని నన్నే పిలిచారు. ఈ కాలపు పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవమంటే పాస్టరు గారి ముఖం చూస్తారు. చదువుతుంటే నా కళ్ళు పుస్తకం మీద లేవు, బల్ల ముందున్న గుమ్మడికాయల మధ్య నా బుట్ట మీదే ఉన్నాయి. వేలంలో ఆ బుట్ట మా మరిదే పాడాడు. ఒక కాయ తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆ ముక్కదేనా వదినా? ఒట్టు?"

"చర్చిలో అబద్ధమాడతానా?"

"ఠీక్ హై. మాటంటే మాటే" అన్నాడు. టిప్పర్ల ఊసు ఎత్తలేదు.

తోడికోడలు పక్కనే ఉంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరికీ వినబడేలా, "మరేటనుకున్నారు! అక్క తొట్లన్నీ నాను బ్లీచింగేసి కడిగీసినాను గదా, అందుకే తెగులు తగల్లేదు" అంది. అందరూ ఆమెని మెచ్చుకున్నారు. నేనూ తలూపాను. నా జీవితంలో నోరు మూసుకోవడానికి అంత కష్టపడిన రోజు ఇంకొకటి లేదు.

వారం తిరక్కుండా ఆమె మా ఇంటికొచ్చింది, వంకాయ కూర బాగుందని చెప్పడానికి. నేను దిగువ ముక్కలో ఉన్నాను. చేతిలో కొడవలి. కట్ట దగ్గరి సాలులో ఇంకా పిందెలున్నాయి, పువ్వులున్నాయి. మొదటి మొక్కని మొదలంటా కోసేసరికి ఆమె పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అరే! పాగల్ అయిపోనావేటక్కా? కాస్తన్న మొక్కని కోసీస్తావేటి?"

దాచడానికి ఇక లేదు. వచ్చే ఏటికి మందు కావాలంటే ఈ సాలు చావాలి. దీని వేళ్ళలో ఉన్నదే మిగిలింది, పొట్లం ఎప్పుడో అయిపోయింది. ఉప్పులో బతికి చూపించింది కూడా ఇదే. మళ్ళీ తొట్లు నింపాలి, మళ్ళీ ఎండగట్టాలి, మళ్ళీ ఆ గోనెలకి బూజు పడుతుంది. ఈమె మళ్ళీ వస్తుంది. చెప్పకపోతే మళ్ళీ కడుగుతుంది.

కూర్చోబెట్టి చెప్పాను. వేరు లోపల ఏముంటుందో, తొట్లలో ఏముండేదో, ఎండిపోయిన ఆ దుబ్బులు ఎందుకు ఎండాయో. వీలైనంత మెల్లగానే చెప్పాను. ఆమె వింటూ మిగతా సాళ్ళ వైపు చూసింది. అక్కడ పుల్లలు తప్ప ఏమీ లేవు. తర్వాత తన చేతులు చూసుకుంది.

ఎండిన పుల్లనొకదాన్ని పీకి, దాని వేళ్ళు తిప్పి చూసింది.

"అప్పుడే తిట్టొచ్చు గదక్కా నన్ను" అంది. "అందర్నీ తిడతావు. నన్నే ఎందుకు తిట్టలేదు?"

"తిడితే మళ్ళీ వస్తావేటి నువ్వు?"

అనాలని అనలేదు, వచ్చేసింది. ఆమె ముఖం చూడలేక మట్టి వైపు తిరిగాను. కాసేపటికి నా చేతిలోంచి కొడవలి తీసుకుంది. "వేళ్ళు తెగకుండా కొయ్యాలా? చెప్పు మరి" అంది. చెప్పాను. సరిగ్గా కోయడం లేదని తిట్టాను కూడా. ఆమె కోస్తూ ఉంటే, నేను ఒక్కొక్క దుబ్బునీ వేళ్ళతో సహా పెకలించి, మట్టి రాలిపోకుండా మా ఆయన సున్నం డబ్బాలో పెట్టాను. పైన రోడ్డు మీద సాయంత్రం బస్సు హారన్ కొట్టింది. అది ఆమె ఎక్కాల్సిన బస్సు. మాలో ఎవరమూ తలెత్తలేదు.